చైనీస్ క్రియావిశేషణాలు: మన ‘ఊ’, ‘ఏ’, ‘గానీ’ల దారిలో నేర్చుకునే పద్ధతి

చైనీస్ నేర్చుకునే తెలుగువాళ్ళు మొదటి రెండు మూడు నెలలు స్వరాలు (గొంతు ఎత్తుదింపులతో మాట అర్థం మార్చేవి), లిపి చూసి టెన్షన్ పడతారు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తోవ్, యే, చ్యోవ్, త్సాయ్, హాయ్, యోవ్, ౘాయ్. ఒక్కొక్కటి ఒక్క అక్షరం. డిక్షనరీ తెరిస్తే ఒక్కోదానికి పది అర్థాలు, అవన్నీ బట్టీ పట్టినా నోట్లోంచి వాక్యం సరిగ్గా రాదు. నాకూ అలాగే జరిగింది. దారి దొరికింది ఎక్కడంటే, ఈ మాటలకు తెలుగులో విడి మాటలు వెతకడం మానేసి, తెలుగు మాటల చివర అంటుకునే తోకలు వెతికినప్పుడు. ‘నేనూ’లోని ఊ, ‘ఎనిమిదింటికే’లోని ఏ, ‘వస్తే గానీ’లోని గానీ. చైనీస్ క్రియావిశేషణాల్లో ముఖ్యమైనవన్నీ ఈ తోకల పనే చేస్తాయి. మనం పదం చివర అంటిస్తాం, వాళ్ళు క్రియ ముందు నిలబెడతారు. తేడా అంతే.

ముందు ఉచ్చారణ గురించి ఒక మాట. చైనీస్ పదాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, పక్కన బ్రాకెట్లో ఉన్న అంకె స్వరం సంఖ్య. రోమన్ లిపిలో బి, డి, జి అక్షరాలతో రాసేవి నిజానికి మన ప, త, కలు. పి, టి, కె అక్షరాలతో రాసేవి ఒత్తు పలికే ఫ, థ, ఖలు. ఈ తేడా మనకు అక్షరమాలలోనే ఉంది కాబట్టి రోమన్ స్పెల్లింగ్ చూసి మోసపోవద్దు. అలాగే ‘చాలా’ అనే మాటలో మనం పలికే దంత్య చకారం, పాత పుస్తకాల్లో ౘ అని రాసేది, చైనీస్‌లో అచ్చంగా ఉంది. ‘మళ్ళీ’ అనే అర్థంలో వచ్చే ౘాయ్(4)లో ఉన్నది అదే. మిగతాది టీచర్ నోటి నుంచి విని దిద్దుకోవాలి.

మొదటి మెట్టు: కూర్చునే చోటు

చైనీస్‌లో క్రియావిశేషణాన్ని ఫుత్స అంటారు. ఫు అంటే ఉప, సహాయక. పేరుకు తగ్గట్టే అది క్రియకో గుణవాచకానికో ముందు తోడుగా నిలబడుతుంది, వేరే పని చేయదు. పెకింగ్ విశ్వవిద్యాలయంలో బోధించిన వ్యాకరణవేత్త చూ తశి (1920–1992) దీన్ని నిర్వచించింది కూడా ఇలాగే: క్రియకు ముందు విశేషణంగా తప్ప మరెక్కడా నిలవలేని పదమే ఫుత్స. అవి అర్థమున్న పదాలా, వ్యాకరణం కోసం వచ్చే పదాలా అన్నదాని మీద అక్కడి పండితులకే ఏకాభిప్రాయం లేదు. చైనీయులు ప్రామాణికంగా చూసే ఆధునిక భాషా నిఘంటువు 1978లో వెలువడితే, మాటలన్నిటి పక్కన ‘ఇది నామవాచకం, ఇది క్రియావిశేషణం’ అని గుర్తులు పెట్టింది 2005 నాటి ఐదో ముద్రణలో. కాబట్టి పేర్ల గురించి మనం బెంగ పెట్టుకోనక్కర్లేదు. చోటు పట్టుకుంటే చాలు.

ఆ చోటు: కర్త తర్వాత, క్రియకు ముందు. ఏకాక్షర క్రియావిశేషణాల్లో మనం రోజూ వాడేవి ఈ చోటు వదలవు. ‘నేనూ వెళ్తాను’ అంటే వో యే(3) ఛ్యు. యే వో ఛ్యు అనకూడదు. ఇంగ్లిష్ అలవాటుతో వో ఛ్యు యే అని చివర పెట్టకూడదు. ‘నిజానికి’ అనే ఛ్యీషి, ‘ఎలాగూ’ అనే ఫాన్‌చెంగ్ లాంటి రెండక్షరాల మాటలు కొన్నిటికి మాత్రం కర్తకు ముందు కూర్చునే స్వేచ్ఛ ఉంది, ఎందుకంటే అవి ఒక్క క్రియ గురించి కాదు, మొత్తం వాక్యం గురించి మాట్లాడేవి.

ఇక్కడే తెలుగు వాళ్ళకు ఒక ఇబ్బంది వస్తుంది. మన తోక దేనికి అంటుకుంటే దాని గురించి. ‘నేనూ టీ తాగుతాను’ వేరు, ‘నేను టీ కూడా తాగుతాను’ వేరు. చైనీస్‌లో రెండూ ఒకటే వాక్యం: వో యే హ ఛా. (మన చాయ్ మాటకు మూలం ఆ ఛానే.) తేడా గొంతులో తెలుస్తుంది. వో మీద ఒత్తితే ‘నేనూ’, ఛా మీద ఒత్తితే ‘టీ కూడా’. మాటను కదిలించి తేడా చూపించాలనే మన అలవాటును ఇక్కడ ఆపుకోవాలి.

ఇంకో జాగ్రత్త. మన ‘గా’ తోక ఉన్న మాటలన్నీ చైనీస్‌లో క్రియావిశేషణాలు కావు. ‘వేగంగా మాట్లాడతాడు’ అన్నప్పుడు ఆ ‘వేగంగా’ క్రియ తర్వాత వస్తుంది: థా షువొ త హెన్ ఖ్వాయ్. ‘అతను మాట్లాడటం వేగం’ అన్నట్టు. ఎవరైనా ఒక పని ఎలా చేస్తారో అంచనా వేసి చెప్పేటప్పుడు ఇదే పద్ధతి. అదే చేయాల్సిన తీరును చెప్తే ముందుకు వస్తుంది. భోజనం చేస్తున్నవాళ్ళతో మర్యాదగా మాన్‌మాన్ ఛి అంటారు, ‘మెల్లమెల్లగా తినండి’ అని. జంట మాట కూడా మనలాగే.

రెండో మెట్టు: రెండు ‘కాదు’లు

పు(4), మెయ్(2). ఈ రెండిటినీ ఇంగ్లిష్ ద్వారా నేర్చుకుంటే నెల పడుతుంది. తెలుగు ద్వారా అయితే ఒక్క పూట చాలు.

పు ఛ్యు అంటే ‘వెళ్ళను, వెళ్ళడు, వెళ్ళరు’. మెయ్ ఛ్యు అంటే ‘వెళ్ళలేదు’. ఇంకా అందమైన విషయం: మెయ్‌యోవ్ అంటే ‘లేదు’. ‘నా దగ్గర డబ్బు లేదు’ అన్నా మెయ్‌యోవే, ‘వెళ్ళలేదు’ అన్నా మెయ్‌యోవ్ ఛ్యు అనొచ్చు. ఉనికి లేకపోవడానికీ, పని జరగకపోవడానికీ ఒకే మాట వాడే అలవాటు రెండు భాషల్లోనూ ఉంది. ఇది తెలిసిన రోజు నాకు ఆ భాష మీద బెరుకు సగం పోయింది.

గుర్తుంచుకోవాల్సినవి మూడు. మెయ్ ఉన్నచోట పని అయిపోయిందని చెప్పే ల రాదు, ‘వెళ్ళాడు లేదు’ అని మనం అననట్టే. రెండు, పు పక్కన చివర్లో ల వస్తే ‘ఇక’ అని అర్థం: వో పు ఛ్యు ల, ‘నేనిక వెళ్ళను’. మూడు, పు స్వరం నాలుగు, కానీ తర్వాతి మాట కూడా నాలుగో స్వరమైతే రెండుగా మారుతుంది. పు ఛ్యులో అదే జరుగుతుంది.

మూడో మెట్టు: తోవ్ ఎడమవైపే చూస్తుంది

తోవ్(1) అంటే ‘అందరూ, అన్నీ’ అని నేర్పుతారు. అది సగం నిజమే. తోవ్ చేసే పని, తనకు ఎడమవైపున ఉన్నవాటిని మూటగట్టడం. వోమెన్ తోవ్ ఛ్యు, ‘మేమందరం వెళ్తాం’. ‘ఈ పుస్తకాలన్నీ చదివేశాను’ అనాలంటే పుస్తకాలను ముందుకు తేవాలి: చశ్యే షూ వో తోవ్ ఖాన్ ల. పుస్తకాలను క్రియ తర్వాత వదిలేసి వో తోవ్ అంటే మూటగట్టడానికి ఎడమవైపు నేనొక్కణ్ణే ఉంటాను, వాక్యం నిలబడదు.

ఇప్పుడు మన ఊ దగ్గరకు వద్దాం. ‘ఎవరూ’ అంటే ఎవరు + ఊ. ‘ఏమీ’ అంటే ఏమి + ఊ. ప్రశ్న మాటకు ఊ తగిలించి మొత్తాన్ని చుట్టేస్తాం. చైనీస్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. షెయ్ అంటే ఎవరు. షెయ్ తోవ్ పు చితావ్ అంటే ‘ఎవరికీ తెలియదు’. షెన్మ అంటే ఏమి. షెన్మ యే పు ఛి అంటే ‘ఏమీ తినడు’. కాదనే వాక్యాల్లో తోవ్ అయినా యే అయినా నడుస్తుంది. అవుననే వాక్యానికి తోవ్ పెట్టండి: షెయ్ తోవ్ చితావ్, ‘ఎవరికైనా తెలుసు’.

ఇక ఈ భాష మనకంటే తేటగా ఉండే చోటు. ‘వాళ్ళందరూ స్టూడెంట్లు కారు’ అంటే ఏమనుకోవాలి? ఒక్కరూ కారనా, కొందరే కారనా? తెలుగులో సందర్భం చూసుకుంటాం. చైనీస్‌లో వరసే చెప్పేస్తుంది. థామెన్ తోవ్ పు షి శ్యుఎషెంగ్: ఒక్కరూ కారు. థామెన్ పు తోవ్ షి శ్యుఎషెంగ్: కొందరు అవును, కొందరు కాదు. ఏది ముందుంటే దానిదే పెత్తనం, వెనక ఉన్నదంతా దాని కిందకు వస్తుంది. ఈ ఒక్క సూత్రం ఎన్నోచోట్ల అక్కరకొస్తుంది. హెన్ పు హావ్ అంటే ‘అస్సలు బాగాలేదు’, పు హెన్ హావ్ అంటే ‘అంత బాగాలేదు’.

నాలుగో మెట్టు: చ్యోవ్, త్సాయ్

నా లెక్కలో ఈ రెండూ వస్తే చైనీస్ వచ్చినట్టే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఒకసారి మా టీచర్ రోజూ కంటే ముందే, ఎనిమిదింటికే క్లాసుకు వచ్చారు. సంతోషంగా ఆ మాటే చెప్దామని లావ్‌షి పా త్యెన్ త్సాయ్ లాయ్ అన్నాను. ఆమె గడియారం వంక చూసుకున్నారు. తర్వాత ‘ఆలస్యమైందా?’ అని అడిగారు. నేను అన్నది ‘ఎనిమిదింటికి గానీ రాలేదు’ అని. అనాల్సింది లావ్‌షి పా త్యెన్ చ్యోవ్ లాయ్ ల, ‘ఎనిమిదింటికే వచ్చేశారు’. గంట అదే, మనిషి అదే, వచ్చిన సంగతీ అదే. మారింది ఒక్క మాట, దాంతో మెచ్చుకోలు కాస్తా ఫిర్యాదు అయింది.

చ్యోవ్(4) అంటే ‘అనుకున్నదాని కంటే ముందే, తేలిగ్గానే, తక్కువతోనే’. మన ‘కే’. త్సాయ్(2) అంటే ‘అనుకున్నదాని కంటే ఆలస్యంగా, కష్టం మీద, ఎక్కువ పెడితేనే’. మన ‘గానీ... లేదు’. మాట్లాడేవాళ్ళ మనసులోని అంచనాను ఇంత క్లుప్తంగా చెప్పే జంట మాటలు రెండు భాషల్లోనూ ఉండటం మన అదృష్టం. ఇంగ్లిష్‌లో వెతికితే అతకని మాటలు, తెలుగులో ఉన్నవి ఉన్నట్టు అతుకుతాయి.

వయసుతో చూడండి. షి స్వెయ్ చ్యోవ్ షాంగ్ తాశ్యుఎ ల: ‘పదేళ్ళకే యూనివర్సిటీలో చేరాడు’. సాన్‌షి స్వెయ్ త్సాయ్ చ్యేహున్: ‘ముప్పై ఏళ్ళొస్తే గానీ పెళ్ళి చేసుకోలేదు’. డబ్బుతో చూడండి. వు ఖ్వాయ్ చ్యోవ్ కోవ్ ల: ‘ఐదుకే సరిపోతుంది’. వు ఖ్వాయ్ త్సాయ్ కోవ్: ‘ఐదైతే గానీ సరిపోదు’. చ్యోవ్ వాక్యం చివర ల వచ్చిందని, త్సాయ్ వాక్యంలో రాలేదని గమనించారా? జరిగిపోయిన పని చెప్పేటప్పుడు చ్యోవ్‌కు ల తోడుంటుంది. త్సాయ్‌తో మాత్రం ల పెట్టరు. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

షరతులకూ ఇదే జంట. ‘చదివితే చాలు, పాసవుతావు’ అన్నప్పుడు చియావ్... చ్యోవ్. ‘చదివితేనే పాసవుతావు’ అన్నప్పుడు చియోవ్... త్సాయ్. మొదటిది తలుపు తెరుస్తుంది, రెండోది ఆ ఒక్క తలుపు తప్ప మిగతావన్నీ మూసేస్తుంది. ‘తే చాలు’కు చ్యోవ్, ‘తేనే’కు త్సాయ్ అని రాసి పెట్టుకోండి.

ఒక్క మెలిక మిగిలింది. ఇప్పటిదాకా సంఖ్య ఈ మాటలకు ముందు వచ్చింది. సంఖ్య త్సాయ్ తర్వాత వస్తే అర్థం ‘ఇంతే’ అవుతుంది: థా త్సాయ్ షి స్వెయ్, ‘వాడికింకా పదేళ్ళే’. అంటే త్సాయ్‌కు ముందున్న అంకె ఎక్కువ అనిపిస్తుంది, వెనకున్న అంకె తక్కువ అనిపిస్తుంది. దీన్ని నియమంలా బట్టీ పట్టొద్దు. పొద్దున్నే లేచి ఐదారు వాక్యాలు పైకి చదవండి, నాలుగు రోజులకు చెవే చెప్పేస్తుంది.

చైనీస్ ఎంత వచ్చో తేల్చే హెచ్‌ఎస్‌కే పరీక్ష 2010 ప్రాంతంలో ఆరు మెట్లతో మొదలైనప్పుడు మొదటి మెట్టుకు 150 మాటలే ఉండేవి. వాటిలో పు, మెయ్, హెన్, థాయ్, తోవ్ ఉండేవి. చ్యోవ్ రెండో మెట్టులో, త్సాయ్ మూడో మెట్టులో వచ్చేవి. జంటను అలా విడదీసి నేర్చుకోవడం నాకు నచ్చదు. చ్యోవ్ నేర్చుకున్న రోజే త్సాయ్ కూడా నేర్చుకోండి.

ఐదో మెట్టు: మూడు ‘మళ్ళీ, ఇంకా’లు

తెలుగులో ‘మళ్ళీ వచ్చాడు’, ‘మళ్ళీ రండి’ అని ఒకే మాట వాడతాం. చైనీస్‌లో జరిగిపోయినదానికి యోవ్(4), జరగాల్సినదానికి ౘాయ్(4). థా యోవ్ లాయ్ ల, ‘అతను మళ్ళీ వచ్చాడు’. ఛ్యింగ్ ౘాయ్ లాయ్, ‘దయచేసి మళ్ళీ రండి’. సెలవు తీసుకునేటప్పుడు అనే ౘాయ్‌చ్యెన్‌లో ఉన్నది ఈ ౘాయే, ‘మళ్ళీ కలుద్దాం’. ఎప్పటికప్పుడు తిరిగొచ్చేవి మాత్రం రాబోయేవైనా యోవే తీసుకుంటాయి: మింగ్‌థ్యెన్ యోవ్ షి శింగ్‌ఛ్యీయి, ‘రేపు మళ్ళీ సోమవారమే’. అది జరగడం ఖాయం కాబట్టి జరిగినట్టే లెక్క.

ౘాయ్‌కు ‘అయ్యాక’ అనే అర్థం కూడా ఉంది. ఛి ల ఫాన్ ౘాయ్ ఛ్యు: ‘తిన్నాక వెళ్దాం’. ఇప్పుడు కాదు, అది అయ్యాక అన్న వాయిదా అందులో ఉంది.

హాయ్(2) మన ‘ఇంకా’. థా హాయ్ మెయ్ లాయ్, ‘అతనింకా రాలేదు’. థా పి వో హాయ్ కావ్, ‘నాకంటే ఇంకా పొడుగు’. ‘ఇంకా ఏం కావాలి’ అన్నప్పటి ఇంకా కూడా హాయే. ఇంత చక్కగా అతికే జత మరొకటి లేదు కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

పక్కనే ఇంకో జత. కాంగ్(1) అంటే ‘ఇప్పుడే’, కాంగ్‌త్సాయ్ అంటే ‘ఇందాక’. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా మొదటిది క్రియావిశేషణం, రెండోది కాలం చెప్పే నామవాచకం. అందుకే ‘ఇందాక అతను వచ్చాడు’ అన్నప్పుడు కాంగ్‌త్సాయ్ కర్తకు ముందు కూర్చోగలదు, కాంగ్ కూర్చోలేదు.

ఆరో మెట్టు: ఎంత

హెన్(3) అంటే ‘చాలా’ అని నేర్పుతారు. కానీ థా హెన్ కావ్ అంటే చాలాసార్లు ‘అతను పొడుగు’ అనే అర్థం. హెన్ తీసేస్తే వాక్యం ‘అతను పొడుగు, మరి ఇతను?’ అని పోల్చుతున్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లిష్ మీడియం అలవాటుతో మధ్యలో షి పెట్టి థా షి కావ్ అనొద్దు. ‘అతను పొడుగు’ అనే తెలుగు వాక్యంలో మధ్య క్రియ ఏముంది? అక్కడ ఏమీ లేనిచోట హెన్ పెట్టండి, అంతే.

థాయ్(4)కు మన మాట ‘మరీ’. ఛా థాయ్ ర ల, ‘టీ మరీ వేడిగా ఉంది’. కాదన్నప్పుడు ల పోతుంది: పు థాయ్ ర, ‘అంత వేడిగా లేదు’. కెంగ్(4) ‘మరింత’, ౘ్వెయ్(4) ‘అన్నిటికంటే’. థింగ్(3) ‘బాగానే’: థింగ్ హావ్ త. పోలికలో హెన్ పనికిరాదు. ‘నాకంటే చాలా పొడుగు’ అనాలంటే థా పి వో కావ్ త త్వొ, ఆ ‘చాలా’ చివరికి వెళ్తుంది.

ఏడో మెట్టు: మనసు తెలిపే మాటలు

తావ్‌తి అంటే ‘ఇంతకీ’. ని తావ్‌తి ఛ్యు పు ఛ్యు: ‘ఇంతకీ వెళ్తావా వెళ్ళవా?’ అవునా కాదా అని అడిగే ‘మా’ అనే చైనీస్ తోకతో తావ్‌తి కుదరదు, రెండు దారులూ ముందు పెట్టాలి. పిచ్యింగ్ అంటే ‘ఎంతైనా’. క్వోరాన్ అంటే ‘అనుకున్నట్టే’. ఫాన్‌చెంగ్ ‘ఎలాగూ’. ఇవి డిక్షనరీలో ఇంగ్లిష్ అర్థంతో చూస్తే పొడిగా ఉంటాయి. ‘ఎంతైనా కన్నతల్లి’ అనే వాక్యంతో నేర్చుకుంటే మర్చిపోరు.

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఛాత్యార్, ‘కొద్దిలో’. ఛాత్యార్ ష్వాయ్‌తావ్ అంటే ‘కొద్దిలో పడిపోయేవాణ్ణి’, పడలేదు. మధ్యలో మెయ్ పెట్టి ఛాత్యార్ మెయ్ ష్వాయ్‌తావ్ అన్నా అదే అర్థం, పడలేదు. ఇప్పుడు సీటు రావడం గురించి చెప్పండి. ఛాత్యార్ ఖావ్‌షాంగ్ అంటే కొద్దిలో సీటు పోయింది. ఛాత్యార్ మెయ్ ఖావ్‌షాంగ్ అంటే పోవాల్సింది కొద్దిలో దక్కింది. పడటం దగ్గర మెయ్ ఉన్నా లేకున్నా ఒకటే అయి, సీటు దగ్గర తలకిందులు ఎందుకైంది? చూ తశి దీనికి చెప్పిన కారణం సరళమైనది: మాట్లాడేవాళ్ళు కోరుకునేది అయితే మెయ్‌కు దాని అర్థం ఉంటుంది, కోరుకోనిది అయితే మెయ్ ఊరికే తోడొస్తుంది. పడాలని ఎవరూ కోరుకోరు. సీటు రావాలని కోరుకుంటారు. వాక్యం అర్థం కావాలంటే వ్యాకరణంతో పాటు మనిషి కోరిక కూడా తెలిసి ఉండాలి.

ఎనిమిదో మెట్టు: వరస, సాధన

రెండు మూడు క్రియావిశేషణాలు ఒకేచోట వస్తే మామూలుగా నడిచే వరస ఇది: మనసు తెలిపే మాట, యే, తోవ్, ఆ తర్వాత పు లేదా మెయ్. హాయ్ వస్తే యే తర్వాత, మెయ్‌కు ముందు.

సాధనకు ప్రత్యేకంగా పుస్తకం అక్కర్లేదు. ఇవాళ మీరు ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో పంపిన తెలుగు మెసేజ్ ఒకటి తీసుకోండి. అందులో తోకల కింద గీత గీయండి. ‘అమ్మ కూడా ఇంకా తినలేదు’ అని ఉందనుకోండి. కూడా, ఇంకా, లేదు, మూడు గీతలు. వాటిని చైనీస్‌లోకి మార్చండి: యే, హాయ్, మెయ్. మూడిటినీ క్రియ ముందుకు తెండి: వో మామా యే హాయ్ మెయ్ ఛి. తోకల వరస కూడా తెలుగులో ఉన్నట్టే ఉంది, ‘తిను’ ఒక్కటే చివరికి జరిగింది.

రోజుకు ఐదు మెసేజ్‌లు చాలు. వారం తర్వాత కాస్త బరువైనది ఎత్తుకోండి. ‘వాళ్ళందరూ కూడా ఎనిమిదింటికి గానీ రాలేదు.’ ముందు తోకలు: అందరూ, కూడా, గానీ-లేదు. ఇక్కడ ఆ ‘లేదు’ను మెయ్ చేయకండి, గానీతో కలిసి అది త్సాయ్‌లోకే వెళ్ళిపోయింది. ‘కూడా’ యే, ‘అందరూ’ తోవ్, యే ముందు. థామెన్ యే తోవ్ పా త్యెన్ త్సాయ్ లాయ్. చివర ల పెట్టాలని చెయ్యి లాగితే ఆపుకోండి, అక్కడ త్సాయ్ ఉంది.